ఇటాలియన్ పీజీ మొదటి ఏడాది: నల్గొండ కాగితాల నుంచి సియెనా నోటి పరీక్షల దాకా (నా అనుభవం)

నల్గొండలో బీఏ చేసి, ఇటాలియన్ భాషా సాహిత్యాల్లో పీజీకి ఇటలీ పోతున్నానంటే అందరూ అడిగేది ఒకటే: "దానితోని నౌకరీ వస్తదా?" తర్వాత ఫీజెంత, తిండెట్ల, చలెంత. పరీక్షలు ఎట్ల పెడతారు అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా వినపడదు. తీరా పోయినాక మొదటి ఏడాది మొత్తం, చేతికొచ్చే స్కాలర్‌షిప్ డబ్బుతో సహా, దాని మీదే నిలబడి ఉంటుంది.

2023 డిసెంబరు నుంచి 2025 జులై దాకా జరిగింది వరసగా రాస్తున్నాను. కోర్సు రెండేళ్లది, 120 క్రెడిట్లు, ఊరు ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో ఉన్న సియెనా. మన దగ్గర ఏజెంట్లు చెప్పేదంతా ఇంగ్లిష్‌లో నడిచే ఇంజినీరింగు, ఎంబీఏ కోర్సుల గురించి. ఇటాలియన్‌లోనే చదివేవాళ్ల దారి కొంత వేరు.

ముందు భాష. ఇటాలియన్‌లో జరిగే కోర్సుకు మనలాంటి బయటి దేశాలవాళ్లు బీ2 స్థాయి (ఏ1 నుంచి సీ2 దాకా ఉండే ఆరు మెట్లలో నాలుగోది) చూపించాలి. హైదరాబాద్‌లో సాయంత్రం క్లాసులకు పోయి బీ1 దాకా వచ్చి, మిగతాది ఇంట్లో చదివి, 2023 డిసెంబరులో చిల్స్ అనే ఇటాలియన్ భాషా పరీక్ష బీ2 స్థాయిలో రాశాను. ఇందులో ఐదు భాగాలు: వినడం, చదవడం, వ్యాకరణం, రాయడం, మాట్లాడటం. ఒక్కోదానికి 20 మార్కులు, ప్రతి దాంట్లో విడిగా 11 రావాలి. వ్యాకరణంలో 19 వచ్చి వినడంలో 10 వస్తే పాస్ కాదు. పోయిన భాగం ఒక్కటే మళ్లీ రాసుకోవడానికి 18 నెలలు గడువిస్తారు. మనవాళ్లు తట్టుకునేది వ్యాకరణంలో కాదు, వినడంలో, మాట్లాడటంలో. మాట్లాడేది రికార్డు చేసి సియెనాకు పంపుతారు, మార్కులు అక్కడే వేస్తారు. అంటే ఎదురుగా కూర్చున్న పరీక్షాధికారి మీ చిరునవ్వుకు మెచ్చినా లాభం లేదు, టేపులో గొంతు గట్టిగా, స్పష్టంగా పడాలి. ఫలితానికి మూడు నెలలు పడుతుంది. డిసెంబరులో రాస్తే మార్చి. ఫిబ్రవరిలో రాస్తే దరఖాస్తుల కాలం మొదలై చాలా రోజులైనాక చేతికొస్తుంది.

ఉచ్చారణలో తెలుగువాళ్లకు ఒక సులువు ఉంది. ఒత్తక్షరాలు మనకు పుట్టుకతో వచ్చినవి కాబట్టి ఇంగ్లిష్ వాళ్లు నానా తంటాలు పడే జంట హల్లులు మన నోట అలవోకగా పలుకుతాయి. మన తంటా ఊనిక దగ్గర. చివరి నుంచి మూడో అక్షరం మీద ఊనాల్సిన మాటలను మనం సాపుగా చదివేస్తాం, వినేవాళ్లకు అర్థం కాదు. కొత్త మాట నేర్చుకునేటప్పుడే ఊనిక ఎక్కడో గీత గీసి పెట్టుకుంటే తర్వాత బాధ ఉండదు.

ఫిబ్రవరి, మార్చి నెలలు కాగితాలకే పోయినయి. మొదటి లొల్లి పేరుతో. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. ఇటలీలో ప్రతి ఒక్కరికీ ఇచ్చే పన్ను నంబరు, కోదిచె ఫిస్కాలె, 16 అక్షరాలు, అంకెలది. అందులో మొదటి మూడు ఇంటిపేరు నుంచి, తర్వాతి మూడు పేరు నుంచి వస్తాయి. ఆపైన పుట్టిన సంవత్సరం, నెలకో అక్షరం, తేదీ. ఆడవాళ్లకు తేదీకి 40 కలుపుతారు, 12వ తేదీన పుడితే 52 అని పడుతుంది. చూసి తప్పు పడిందని గాబరా పడొద్దు. భారత్‌లో పుట్టిన అందరికీ జెడ్222 అనే ముక్క ఉంటుంది. దరఖాస్తు పోర్టల్‌లో ఇంటిపేరు, పేరు తారుమారు చేస్తే యూనివర్సిటీలో ఒక నంబరు, పన్ను ఆఫీసులో ఇంకో నంబరు తయారై, అద్దె ఒప్పందం నుంచి స్కాలర్‌షిప్ దాకా అన్నీ ఆగిపోతాయి. కాబట్టి మెమో ఎట్లున్నా, పాస్‌పోర్టులో ఎట్లుందో అక్షరం తేడా లేకుండా అట్లనే నింపాలి. మెమోతో తేడా ఉంటే రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ చేయించుకొని ఫైల్లో పెట్టుకోవాలి.

రెండో లొల్లి లామినేషన్. మనకు మెమో రాగానే జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించడం అలవాటు. ప్లాస్టిక్ మీద ముద్ర పడదు, స్టిక్కర్ అతకదు. ఊడదీస్తే కొన్నిసార్లు అక్షరాలు కూడా లేచి వస్తాయి. అప్పుడు బోర్డు నుంచి డూప్లికేట్ తెచ్చుకోవడమే. టెన్త్, ఇంటర్, డిగ్రీ కాగితాలకు ముందు రాష్ట్ర ప్రభుత్వ స్థాయి అటెస్టేషన్, దాని మీద విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే మన కాగితం విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ. అపోస్టిల్‌కు ప్రభుత్వ రుసుము కాగితానికి 50 రూపాయలే. మిగతాదంతా ఏజెంట్ల ఛార్జి, తిరుగుడు. నల్గొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు గానీ ఒక్క పోకతో పని అయ్యేది కాదు. ఇటాలియన్ అనువాదం అపోస్టిల్ పడినాకే చేయించాలి, ఎందుకంటే అపోస్టిల్ మీది రాత కూడా అనువాదంలో ఉండాలి. ముందే అనువాదం చేయించి రెండోసారి డబ్బు కట్టినవాళ్లు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. అనువాదాలతో కలిపి నాకు 30,000 రూపాయలు దాటింది.

మన డిగ్రీ అక్కడ దేనికి సమానమో చెప్పే కాగితం రెండు రకాలు: కాన్సులేట్ ఇచ్చే విలువ ప్రకటన, లేదంటే చిమేయా అనే సంస్థ ఆన్‌లైన్‌లో ఇచ్చే పోలిక పత్రం. ఏది ఒప్పుకుంటారో యూనివర్సిటీకి మెయిల్ పెట్టి రాతలో జవాబు తెప్పించుకోండి. ఫోన్లో చెప్పిన మాట తర్వాత పనికిరాదు.

మేలో యూనివర్సితాలీ అనే ఇటలీ ప్రభుత్వ పోర్టల్‌లో ముందస్తు నమోదు. యూనివర్సిటీ దాన్ని ఒప్పుకుంటేనే కాన్సులేట్‌కు పోతుంది, వీసా కేంద్రంలో ఆ పత్రమే మొదట అడుగుతారు. వీసా రుసుము 50 యూరోలు, కేంద్రం సర్వీసు ఛార్జి వేరే. ఏడాదికి సుమారు 7,000 యూరోలు ఖాతాలో చూపించాలి. ఈ అంకె ఏటా కొంత మారుతుంది. జులైలో కాగితాలిస్తే వీసా సెప్టెంబరు సగం గడిచాక వచ్చింది. ఆ ఎదురుచూపే అన్నిటికంటే కష్టం. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఎప్పుడు పోతున్నవ్?" అంటారు, చెప్పడానికి తేదీ ఉండదు. క్లాసులు సెప్టెంబరు చివర మొదలైతయి కదా అని డబ్బు వాపసు రాని టికెట్ మాత్రం ముందే కొనొద్దు.

ఆ మధ్యలోనే స్కాలర్‌షిప్ దరఖాస్తు. టస్కనీలో దీన్ని చూసే ప్రాంతీయ సంస్థ డీఎస్‌యూ తొస్కానా, గడువు సెప్టెంబరు మొదట్లో. మార్కులు కాదు, ఇంటి ఆదాయం, ఆస్తి చూసి ఇస్తారు. మన కాగితాలకు, వాళ్ల లెక్కకు పొత్తు కుదరని చోట్లు రెండున్నాయి. వాళ్లు జనవరి నుంచి డిసెంబరు దాకా ఆదాయం అడుగుతారు, అదీ రెండేళ్ల కిందటిది. మీసేవలో వచ్చే ఆదాయ ధ్రువీకరణ పత్రంలో ఏడాది ఆదాయం అని మాత్రమే ఉంటుంది, మన పన్ను లెక్క ఏప్రిల్ నుంచి మార్చి. కాబట్టి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అనేది కాగితంలో స్పష్టంగా రాయించుకోవాలి. ఇంట్లో ఎంతమంది ఉన్నారో అందరి పేర్లూ ఉండాలి, ఆదాయం లేనివాళ్లకు "లేదు" అని రాయించాలి. ఖాళీ వదిలితే వెనక్కి పంపుతారు. రెండోది ఇల్లు. విదేశంలో ఉన్న ఆస్తిలో వాళ్లు లెక్కగట్టేది కట్టిన భవనాన్నే, చదరపు మీటరుకు 500 యూరోల చొప్పున. మనం గజాల్లో, అడుగుల్లో చెప్తాం. చదరపు మీటరంటే 10.76 చదరపు అడుగులు. 900 అడుగుల ఇల్లు 83.6 మీటర్లు, వాళ్ల లెక్కలో దాదాపు 41,800 యూరోలు. ఊళ్లో పాత పెంకుటిల్లయినా, పట్నంలో కొత్త ఫ్లాటయినా ఒకటే రేటు! ఖాళీ జాగా గజాలను కట్టిన ఇల్లుగా రాయిస్తే ఆస్తి లేనిపోనిది పెరిగి స్కాలర్‌షిప్ చేజారుతుంది.

సెప్టెంబరు చివర్లో సియెనా చేరాను. వచ్చిన ఎనిమిది పనిదినాల్లో నివాస అనుమతికి, పెర్మెస్సోకు, దరఖాస్తు పెట్టాలి. పోస్టాఫీసులో కిట్ ఊరికే ఇస్తారు. కవరు అంటించకుండా తీసుకుపోవాలి, లోపలి కాగితాలు కౌంటర్‌లో చూస్తారు. 16 యూరోల స్టాంపు పొగాకు దుకాణంలో దొరుకుతుంది. పోస్టుకు 30, కార్డుకు 70.46. మొత్తం 116.46 యూరోలు, అంటే పదివేల రూపాయల పైమాటే. వేలిముద్రల తేదీ కొన్ని నెలల తర్వాత ఇచ్చారు. అప్పటిదాకా పోస్టాఫీసు రసీదే ఆధారం, దాన్ని పాస్‌పోర్టుతో పాటు జాగ్రత్తగా దాచుకోవాలి. గది అద్దె నెలకు 350 యూరోలు, కరెంటు, గ్యాసు వేరే. చలికాలం హీటర్ బిల్లు అద్దెకు తోడై ఇంకో అద్దెలా అనిపించింది. స్కాలర్‌షిప్ వచ్చినవాళ్లకు మెన్సాలో, అంటే విద్యార్థుల క్యాంటీన్‌లో, తిండి ఉచితం. అక్కడ మొదట ఆశ్చర్యపడేది రొట్టె దగ్గర. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు. చప్పగా ఉందని వంటవాళ్లను తిట్టుకోవద్దు, అది ఆ ప్రాంతపు పద్ధతి. ఇంటి నుంచి తెచ్చిన ఉసిరికాయ తొక్కు దాని మీద రాసుకొని తింటుంటే పక్కనున్న ఇటాలియన్ పిల్లలు వింతగా చూసి, రుచి చూసి, నీళ్లకు పరుగెత్తారు.

క్లాసు పదింటికని రాసి ఉంటే పదీ పావుకు మొదలవుతుంది. దానికి "విద్యా పావుగంట" అని పేరే ఉంది. నోట్సు చెప్పి రాయించడం ఉండదు. ప్రొఫెసర్ మాట్లాడుతూ పోతారు, ఎవరి నోట్సు వాళ్లదే. ఒక్కో క్రెడిట్ అంటే 25 గంటల పని, అందులో క్లాసు ఆరు గంటలే, మిగతాది సొంత చదువు. క్లాసుకు రానివాళ్లు కూడా పరీక్ష రాయొచ్చు, కాకపోతే వాళ్లకు అదనంగా ఒకటి రెండు పుస్తకాలు కలుపుతారు. సిలబస్ పేజీలో "వచ్చేవాళ్లకు", "రానివాళ్లకు" అని రెండు జాబితాలుంటాయి. వీసా ఆలస్యమై నెల క్లాసులు పోయినవాళ్లు ఏ జాబితా కిందికొస్తారో ప్రొఫెసర్‌ను మొదటి వారంలోనే అడిగి తేల్చుకోవాలి.

ఇక పరీక్షలు. మనం పదో తరగతి నుంచి అడిషనల్ షీట్లు దారంతో కట్టి ఇచ్చినవాళ్లం. ఇక్కడ సాహిత్యం, భాషా చరిత్ర, భాషాశాస్త్రం, దాదాపు అన్నీ నోటి పరీక్షలే. చలికాలం జనవరి, ఫిబ్రవరి, ఎండాకాలం జూన్, జులై, మళ్లీ సెప్టెంబరు. ఒక్కో కాలంలో ఒకే పరీక్షకు రెండు మూడు తేదీలుంటాయి, వాటిని అప్పెల్లో అంటారు. పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి, పరీక్షకు కొన్ని రోజుల ముందే అది మూసేస్తారు. ప్రొఫెసర్ బోధన మీద ఒక అభిప్రాయ పత్రం నింపనిదే నమోదు బటన్ పనిచేయదు. చివరి రాత్రి ఆ సంగతి తెలిసి ఆగమాగం అయినవాళ్లను చూశాను.

ఆ రోజు పొద్దున హాజరు పిలిచి, వరసలో ఒక్కొక్కరినీ రమ్మంటారు. తొమ్మిదింటికి పోతే వంతు మధ్యాహ్నం మూడింటికి రావచ్చు. వరండాలో ఆ గంటలు గడపడం పరీక్ష కంటే భారం. బయటికొచ్చిన ప్రతివాళ్లనూ అందరూ చుట్టుముట్టి "ఏం అడిగిన్రు?" అని పీక్కు తింటారు, విన్నకొద్దీ చదివింది కూడా మరిచిపోతాం. నేను జనవరిలో మొదటి పరీక్షకు కూర్చున్నప్పుడు చేతులు చల్లబడిపోయినయి. గుర్తింపు కార్డుతో పాటు పుస్తకం కూడా తీసుకుపోవాలి, ఎందుకంటే పుస్తకం తెరిపించి "ఇక్కడి నుంచి చదవండి" అంటారు. మధ్యయుగ ఇటాలియన్ కవి దాంతె రాసిన నరక, స్వర్గ యాత్రల కావ్యమైతే కొన్ని చరణాలు బయటికి చదివి, నేటి ఇటాలియన్‌లో అర్థం చెప్పి, ఛందస్సు చెప్పి (చరణానికి 11 అక్షరాలు, మూడేసి చరణాల ప్రాస), ఆ పాత్ర ఎవరు, ఆ శిక్ష ఎందుకు అనే దాకా పోవాలి. ఆ కావ్యం మొత్తం 100 సర్గలు, 14,233 చరణాలు. పరీక్షకు అన్నీ ఉండవు, కానీ ఎంచి ఇచ్చిన సర్గల్లో ఏ చరణమైనా అడగొచ్చు.

చాలామంది ప్రొఫెసర్లు మొదటి ప్రశ్న మీకే వదిలేస్తారు: మీకు నచ్చిన అంశం చెప్పండి అంటారు. ఐదారు నిమిషాల అంశం ఒకటి సిద్ధం చేసుకోవాలి. మొదటి రెండు వాక్యాలు కంఠస్థం ఉంటే చాలు, మొత్తం బట్టీ పడితే మధ్యలో అడ్డుపడి ప్రశ్న వేసినప్పుడు తీగ తెగుతుంది. మనవాళ్లకు దెబ్బ తగిలేది తెలియక కాదు, మౌనం వల్ల. సారు ముందు ఆలోచించుకొని తలదించుకొని ఆగడం మన దగ్గర మర్యాద. అక్కడ పది సెకన్లు ఆగితే రాదని రాసుకుంటారు. గుర్తు రాకపోయినా "దుంక్వే", "అల్లోరా" (మన "అయితే", "మరి" లాంటివి) అంటూ మాట నడిపించాలి, "ప్రశ్న ఇంకోసారి అడగగలరా" అనాలి, తెలిసిన పక్క అంశం నుంచి అసలు దాని దగ్గరికి రావాలి. ఇది సిగ్గు విడిచి నేర్చుకోవాల్సిన పనే.

సిద్ధం కావడానికి రెండు పనులు బాగా అక్కరకొచ్చాయి. ఒకటి, ఈ పరీక్షలు బహిరంగం, ఎవరైనా గదిలో కూర్చుని వినొచ్చు. మీ తేదీకి ముందు అప్పెల్లోలో వెనక వరసలో కూర్చుని అడిగే ప్రశ్నలు రాసుకోండి. ఒక ప్రొఫెసర్ ఏ మూల నుంచి అడుగుతారో రెండు గంటల్లో తెలిసిపోతుంది. రెండోది, చదివింది బయటికి చెప్పడం. నేను దాంతె నరకంలోని తొమ్మిది వలయాలను ముందు తెలుగులోనే ఫోన్లో అమ్మకు చెప్పేదాన్ని. "ఏ పాపం చెయ్యనోళ్లు గూడ మొదటి దాంట్ల ఎందుకున్నరే?" అని అమ్మ అడిగింది. జనవరిలో ప్రొఫెసర్ అడిగిందీ అదే.

మార్కు అక్కడికక్కడే చెప్తారు. 30కి, 18 వస్తే పాస్. చెప్పి "ఒప్పుకుంటారా?" అని అడుగుతారు. వద్దంటే ఆ మార్కు లెక్కలోకి రాదు, ఇంకో అప్పెల్లోకి రావాలి. ఇటాలియన్ పిల్లలు 24 వచ్చినా వద్దనేస్తారు, ఎందుకంటే చివరి డిగ్రీ మార్కుకు సగటే పునాది. సగటును 110తో హెచ్చించి 30తో భాగిస్తారు, 26 సగటు ఉంటే 95కు కొంచెం పైన. కానీ స్కాలర్‌షిప్ మీద బతికేవాళ్లకు ఆ సోకు పనికిరాదని నా అభిప్రాయం. మొదటి ఏడాది వాళ్లకు ఆగస్టు 10 లోపు 20 క్రెడిట్లు వస్తేనే రెండో విడత డబ్బు. నవంబరు 30కి కూడా రాకపోతే మొదటి విడత తిరిగి కట్టాలి. తొమ్మిది క్రెడిట్ల పరీక్షలు రెండు పాసైతే 18, ఇంకా రెండు తక్కువ. కాబట్టి మూడోది తప్పదు, దాన్ని చలికాలంలోనే పూర్తి చేసుకుంటే జూన్ ప్రశాంతంగా గడుస్తుంది.

చదువు పక్కన జరిగేవాటిలో నోరు తిరగడానికి పనికొచ్చేవి ఎంచుకోవాలి. అన్నిటికంటే టాండెం మేలు: మీరు ఒక గంట ఇంగ్లిష్ మాట్లాడతారు, ఎదుటివాళ్లు ఒక గంట ఇటాలియన్. మార్చి 25 దాంతె రోజు, 2020 నుంచి దేశమంతా జరుపుతున్నారు, సామూహిక పఠనానికి ఎవరైనా పేరిచ్చుకోవచ్చు. పదిమంది ముందు ఒక సర్గ చదివితే జూన్ పరీక్షకు భయం సగం పోతుంది. సినిమా క్లబ్బులో చూడటం కంటే చివర చర్చకు ఆగడం ముఖ్యం. లైబ్రరీలోనో ఆఫీసులోనో గంటలకు జీతమిచ్చే విద్యార్థి పనులుంటాయి, కానీ కొన్ని క్రెడిట్లు చేతికొచ్చాకే అర్హత. బయట పని చేయాలంటే విద్యార్థి అనుమతి మీద వారానికి 20 గంటలు మించొద్దు. సియెనాలో 17 వాడలు, ఒక్కోదానికి ఒక జెండా, ఒక జంతువో గుర్తో. జులై 2, ఆగస్టు 16 గుర్రప్పందేలకు ముందు వాడలవాళ్లు వీధుల్లో బల్లలు వేసి విందులు పెడతారు. జూన్ చివర్లో పరీక్షకు చదివేవాళ్లు గది కిటికీ వీధి వైపు ఉంటే డప్పుల మోతకు లైబ్రరీకి పోవాల్సిందే.

జులై మొదటి వారానికి నా క్రెడిట్లు, గడువు కంటే ముందే, 20 దాటినయి. మార్కులు పోర్టల్‌లో ఎక్కడానికి కొందరు ప్రొఫెసర్లు వారాలు తీసుకుంటారు, ఆగస్టు 10 లెక్క పోర్టల్‌లో కనపడేదానికే. అందుకని పరీక్షైన వారానికి కూడా ఎక్కకపోతే మర్యాదగా ఒక మెయిల్ పెట్టాలి. పెర్మెస్సో రెన్యువల్ గడువుకు 60 రోజుల ముందు మొదలుపెట్టాలి. మొదటి రెన్యువల్‌కు కనీసం ఒక పరీక్ష, ఆ తర్వాత ఏటా రెండు పాసైనట్టు చూపించాలి. యూనివర్సిటీ ఇచ్చే ఆ మార్కుల పత్రాన్ని ఆగస్టులో ఆఫీసులు మూతపడకముందే తీసుకోండి.